చిన్న డివిజన్‌లో సాఫ్ట్‌బాల్: ఆడే అమ్మాయిలు వేసుకునే లెక్కలు

అమెరికా హైస్కూళ్లలో సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలు దాదాపు 3.5 లక్షల మంది. కాలేజీకి వెళ్లాక వాళ్లలో, కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ కింద ఆడే జట్టులో చోటు దొరికేది 20 వేల పైచిలుకు మందికి. నూటికి ఆరుగురన్నమాట. ఆ ఆరుగురిలో డివిజన్ 1లో ఆడేవాళ్లు ఇద్దరి లోపే. మిగతా నలుగురూ డివిజన్ 2లోనో డివిజన్ 3లోనో ఉంటారు.

టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఈ సంగతి తెలిసే వీలు తక్కువ. మే నెలాఖరున ఓక్లహామా సిటీలోని డెవన్ పార్కులో మొదలయ్యే మహిళల కాలేజ్ వరల్డ్ సిరీస్‌కు చేరేవి 8 జట్లే. దాదాపు 13 వేల మంది పట్టే ఆ స్టేడియం కిక్కిరిసి ఉంటుంది. ఆ ఎనిమిదింటి వెనక డివిజన్ 1లో సుమారు 300 జట్లు, డివిజన్ 2లో అంతకు కాస్త తక్కువ, డివిజన్ 3లో 400 దాకా జట్లు ఉన్నాయి. కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో అధిక భాగం పెద్ద కెమెరాలు చేరని మైదానాల్లోనే జరుగుతోంది.

అలాంటి చోట ఆడే అమ్మాయి గురించి సాధారణంగా వినిపించే మాట ఒకటుంది: "పైన దొరకలేదు, అందుకే కింద సర్దుకుంది." కొందరి విషయంలో అది నిజమే. అయితే డివిజన్ 1 కోచ్ పిలిచినా వద్దనుకుని చిన్న కాలేజీకి వెళ్లేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఏం లెక్కపెట్టుకుంటారో చూస్తే ఆ నిర్ణయంలో ఎంత ఆలోచన ఉందో తెలుస్తుంది. నా వరకు నాకు ఆ లెక్కలు చాలాచోట్ల సరైనవనే అనిపిస్తాయి.

ముందు డివిజన్ల సంగతి. ఎన్‌సీఏఏ తన కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీసింది 1973లో. సాఫ్ట్‌బాల్‌లో మూడింటికీ విడివిడిగా జాతీయ పోటీలు 1982లో మొదలయ్యాయి. ఆట నియమాలు అన్నిచోట్లా ఒకటే: 7 ఇన్నింగ్స్, బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగులు, పిచర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కు 43 అడుగులు. తేడాలన్నీ డబ్బు, సమయం, కాలేజీ పరిమాణం దగ్గర వస్తాయి. డివిజన్ 3లో సగం కాలేజీల్లో డిగ్రీ విద్యార్థులు 1,800 లోపే. డివిజన్ 1లో మధ్యస్థంగా ఉండే కాలేజీలో ఆ సంఖ్య 9 వేల దరిదాపుల్లో ఉంటుంది.

ఇక అన్నిటికన్నా పెద్ద లెక్క: మైదానంలోకి దిగేది ఎంతమంది? ఫీల్డింగ్‌కు 9 మంది. ఒకరికి బదులుగా, చాలాసార్లు పిచర్‌కు బదులుగా, బ్యాటింగ్ చేయడానికి డీపీ అనే మరో ప్లేయర్‌ను పెట్టుకోవచ్చు. అప్పుడు ఆటలో ఉండేది 10 మంది. జట్టులో 22 మంది ఉంటే మిగిలిన 12 మంది డగౌట్‌లో కంచె పట్టుకుని అరుస్తూ ఉంటారు. ఆ 12 మందీ తమ హైస్కూల్లో జట్టుకు ప్రాణం లాంటివాళ్లే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. నియమాల ప్రకారం రెగ్యులర్ సీజన్‌లో డివిజన్ 1, డివిజన్ 2 జట్లు 56 మ్యాచ్‌ల దాకా ఆడవచ్చు, డివిజన్ 3 జట్టు 40 దాకా. రోజూ మొదటి లైనప్‌లో ఉండే అమ్మాయికి మ్యాచ్‌కు మూడుసార్లు బ్యాటింగ్ వస్తుందనుకుందాం. డివిజన్ 3లో మొదటి ఏడాది నుంచే ఆడితే ఏటా 120 సార్లు, నాలుగేళ్లకు 480 సార్లు. అదే అమ్మాయి డివిజన్ 1లో పెద్ద జట్టుకు వెళ్లి, మొదటి రెండేళ్లు అడపాదడపా దిగి ఏటా 20 సార్లు, మూడో ఏడు సగం మ్యాచ్‌లు ఆడి 75 సార్లు, నాలుగో ఏడు పూర్తిగా ఆడి 150 సార్లు బ్యాట్ పట్టిందనుకోండి. మొత్తం 265. మ్యాచ్‌లు ఎక్కువున్న చోట ఆమె ఆడింది దాదాపు సగమే.

పైగా ఆ మూడో ఏడు, నాలుగో ఏడు వస్తాయన్న భరోసా ఇప్పుడు తగ్గింది. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. ఒక కాలేజీలో ఆడుతున్నవాళ్లు ఇంకో కాలేజీకి మారడం సులువైంది. రెండేళ్లుగా బెంచి మీద ఓపిగ్గా ఎదురుచూసిన అమ్మాయి స్థానంలోకి, వేరే చోట మూడేళ్లు రాణించిన బ్యాటర్‌ను కోచ్ తెచ్చుకోవచ్చు. కోచ్‌కు గెలుపు కావాలి కాబట్టి తెచ్చుకుంటారు కూడా. ఓపిక పడితే వంతు వస్తుందన్న పాత నమ్మకం పెద్ద జట్లలో సడలిపోయింది.

పిచర్లకు ఈ లెక్క ఇంకా కఠినం. బేస్‌బాల్ పిచర్‌లా రోజుల తరబడి విశ్రాంతి ఇవ్వకుండానే సాఫ్ట్‌బాల్‌లో ఒకే అమ్మాయి చేత వరుస మ్యాచ్‌లు వేయిస్తారు. 2025 వరల్డ్ సిరీస్‌లో టెక్సస్ టెక్‌ను ఫైనల్ దాకా తీసుకెళ్లిన నైజరీ కెనడీ దాదాపు ఒంటిచేత్తో జట్టు పిచింగ్ భారం మోశారు. స్టాన్‌ఫర్డ్ నుంచి ఆమె ఆ యూనివర్సిటీకి 2024లో మారినప్పుడు కుదిరిన ఒప్పందం విలువ 10 లక్షల డాలర్లకు పైనే. అంత పెట్టి తెచ్చుకున్న పిచర్ ఉన్న చోట మూడో పిచర్, నాలుగో పిచర్ ఎన్ని ఇన్నింగ్స్ వేస్తారు? సీజన్‌లో జట్టు 350 ఇన్నింగ్స్ ఆడితే మొదటి పిచర్ 200, రెండో పిచర్ 100 వేశారనుకోండి. మిగిలిన 50 ఇన్నింగ్స్‌ను ముగ్గురు పంచుకోవాలి. అయిదు ఇన్నింగ్స్ తర్వాత 8 పరుగుల తేడా ఉంటే మ్యాచ్ ముగించే నియమం ఉంది కాబట్టి ఆ 50 కూడా పూర్తిగా దక్కకపోవచ్చు. హైస్కూల్లో ప్రతి మ్యాచూ తనే వేసిన అమ్మాయికి ఇది తట్టుకోవడం కష్టం.

పిచర్ వేగం కూడా డివిజన్‌ను నిర్ణయించే అంశమే. చేతిని నడుము పక్క నుంచి గుండ్రంగా తిప్పి కిందినుంచి వదిలే బంతి అది. పిచర్ ముందుకు దూకి వేస్తుంది కాబట్టి బంతి చేయి వదిలేసరికి ప్లేట్ 37 అడుగుల దూరంలోకి వచ్చేస్తుంది. గంటకు 60 మైళ్ల వేగంతో, అంటే 97 కిలోమీటర్లతో వేస్తే బ్యాటర్ దగ్గరున్న సమయం 0.42 సెకను. 68 మైళ్లకు పెంచితే 0.37 సెకను. సెకనులో ఇరవయ్యో వంతు తేడా. ఆ అర సెకను కూడా లేని వ్యవధిలోనే బ్యాటర్ బంతి లేస్తుందో మునుగుతుందో చూసి తుంటి తిప్పాలో ఆగాలో తేల్చుకోవాలి. 60 మైళ్లతో చక్కగా, మూలలకు గురి పెట్టి వేయగల అమ్మాయి డివిజన్ 1 బలమైన జట్లలో వెనకబడుతుంది. డివిజన్ 3లో ఆమె జట్టుకు మొదటి పిచర్ కాగలదు. ఆట ఒకటే, నేర్చుకున్న విద్యా ఒకటే. ఎవరి ఎదుట నిలబడాలో ఎంచుకుంటే నాలుగేళ్ల బతుకు మారిపోతుంది.

వయసు కూడా ఒక కారణం. 2018కి ముందు డివిజన్ 1 కోచ్‌లు ఎనిమిదో తరగతి పిల్లల చేత కూడా మాట ఇప్పించుకునేవారు. ఆ ఏడాది వచ్చిన నియమంతో 11వ తరగతి సెప్టెంబర్ 1 దాకా వాళ్లతో నేరుగా మాట్లాడకూడదు. అయినా పెద్ద జట్ల జాబితాలు ఆ సెప్టెంబర్ తర్వాత కొద్ది వారాల్లోనే నిండిపోతుంటాయి. ఆలస్యంగా పొడవు పెరిగినవాళ్లు, 17 ఏళ్లకు పిచింగ్‌లో నాలుగైదు మైళ్ల వేగం పెంచుకున్నవాళ్లు ఆ జాబితాకు అందరు. డివిజన్ 3 కోచ్‌లు పిల్లలతో ఎప్పుడైనా ఫోన్‌లో మాట్లాడవచ్చు, 12వ తరగతి చివరిదాకా వెతుకుతూనే ఉంటారు. ఎదుగుదలకు తొందరపెట్టని ఈ పద్ధతి పిల్లలకు ఎక్కువ న్యాయం చేస్తుందని నా అభిప్రాయం.

సమయం లెక్కకు వద్దాం. డివిజన్ 1, డివిజన్ 2లలో సీజన్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి ఆటకు పిలవకూడదన్నది నియమం. వినడానికి బాగానే ఉంది. అయితే మ్యాచ్ ఉన్న రోజును, ఎంతసేపు ఆడినా, 3 గంటలుగానే రాసుకుంటారు. ప్రయాణం లెక్కలోకి రాదు. మోకాలికి ఐస్ పెట్టించుకోవడం, కట్టు కట్టించుకోవడం రాదు. ఎన్‌సీఏఏ 2015లో అడిగినప్పుడు డివిజన్ 1 క్రీడాకారులు ఆటకు వారానికి మధ్యస్థంగా 34 గంటలు పెడుతున్నామని చెప్పారు. సెమిస్టర్‌కు 15 క్రెడిట్లంటే 15 గంటల క్లాసులు, దానికి రెట్టింపు చదువు. 15కు 30, దానికి 34 కలిపితే 79 గంటలు. నిద్రా తిండీ మిగిలిన గంటల్లోనే సర్దుకోవాల్సిందే.

ఈ లెక్క బాగా తగిలేది నర్సింగ్, ఇంజనీరింగ్, మెడిసిన్‌కు ముందు చదువు ఎంచుకున్నవాళ్లకు. కెమిస్ట్రీ ల్యాబ్ మధ్యాహ్నం ఉంటుంది, ప్రాక్టీసూ అప్పుడే. నర్సింగ్ వాళ్లు హాస్పిటల్ డ్యూటీ గంటలు పూర్తి చేయకపోతే డిగ్రీయే రాదు. సాఫ్ట్‌బాల్ సీజన్ ఫిబ్రవరి నుంచి మే దాకా, సరిగ్గా చదువు ఊపులో ఉండే సెమిస్టర్లోనే నడుస్తుంది. కొన్ని పెద్ద జట్లలో మేజర్ మార్చుకొమ్మని మెత్తగా సలహా ఇస్తారు. డివిజన్ 3లో 40 మ్యాచ్‌లే కాబట్టి, ల్యాబ్ ఉన్నవాళ్లు ప్రాక్టీసుకు ఆలస్యంగా రావడం మామూలు విషయం. ఆటలు లేని సెమిస్టర్లో విదేశంలో చదివి వచ్చేవాళ్లూ ఉన్నారు.

ప్రయాణాల తీరు కూడా వేరు. 2024లో కాన్ఫరెన్సులు, అంటే సీజన్‌లో తమలో తాము ఆడుకునే కాలేజీల బృందాలు, తారుమారయ్యాక లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ, న్యూజెర్సీలోని రట్గర్స్ ఒకే కాన్ఫరెన్సులోకి వచ్చాయి. రెంటి మధ్య దాదాపు 3,900 కిలోమీటర్లు, మూడు గంటల టైమ్ తేడా. న్యూ ఇంగ్లండ్‌లో చిన్న కాలేజీల కాన్ఫరెన్సు ఒకటుంది, నెస్కాక్ అంటారు. బోస్టన్ పక్కన మెడ్‌ఫర్డ్‌లోని టఫ్ట్స్ యూనివర్సిటీ నుంచి మెయిన్ రాష్ట్రంలోని బోడన్ కాలేజీకి బస్సులో 200 కిలోమీటర్ల చిల్లర. శనివారం రెండు మ్యాచ్‌లు ఆడి రాత్రికి హాస్టల్ గదికి చేరవచ్చు.

ఆ శనివారం ఎలా ఉంటుందంటే: ఏప్రిల్ అయినా చలి ఉంటుంది. రాత్రి వాన పడితే పొద్దున్నే ఆడేవాళ్లే వెళ్లి టార్పాలిన్ లాగుతారు, ఇన్‌ఫీల్డ్ ఎర్రమట్టిని రేక్‌తో చదును చేస్తారు, సున్నం గీతలు గీస్తారు. కంచె అవతల తల్లిదండ్రులు మడత కుర్చీల్లో దుప్పట్లు కప్పుకుని కూర్చుంటారు. మొదటి మ్యాచ్‌కూ రెండో మ్యాచ్‌కూ మధ్య అరగంటలో అల్యూమినియం ట్రేల్లో తెచ్చిన పాస్తా రెండు జట్లూ తింటాయి. అమ్మాయిల్లో ఒకరు సంచిలోంచి బయాలజీ నోట్సు తీస్తారు. ప్రేక్షకులు నూరుమంది దాటకపోవచ్చు. అయినా మూడో బేస్ దగ్గర దుమ్ములో జారి చేయి చాచే అమ్మాయి ముఖంలో పట్టుదల ఓక్లహామా సిటీలో కనిపించేదానికి ఏమాత్రం తీసిపోదు.

ఆట నాసిరకమని అనుకునేవాళ్లకు టెక్సస్‌లోని యూటీ టైలర్ కథ చెప్పాలి. ఆ జట్టు 2016లో డివిజన్ 3 జాతీయ చాంపియన్. తర్వాత కాలేజీ డివిజన్ 2కు మారింది. 2024లో డివిజన్ 2 టైటిల్ కూడా గెలిచింది. ఇక టఫ్ట్స్ 2013, 2014, 2015 వరుసగా మూడేళ్లు డివిజన్ 3 చాంపియన్. అడ్మిషన్ దొరకడమే గగనమైన యూనివర్సిటీ అది.

ఇప్పుడు డబ్బు. తల్లిదండ్రుల్లో ఎక్కువ అపోహలున్నది ఇక్కడే. చాలా ఏళ్లపాటు డివిజన్ 1 సాఫ్ట్‌బాల్ జట్టుకు అనుమతించిన స్కాలర్‌షిప్పులు 12. జట్టులో ఉండేది 20 మందికి పైనే. కోచ్ ఆ పన్నెండును ముక్కలు చేసి పంచేవారు. సమానంగా పంచితే 22 మందికి తలా 55 శాతం, నిజానికి పిచర్లకూ క్యాచర్లకూ పెద్ద ముక్క వెళ్లేది. పైగా పన్నెండూ ఇచ్చే స్తోమత లేని డివిజన్ 1 కాలేజీలూ ఉన్నాయి. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీలు డివిజన్ 1 అయినా ఆట స్కాలర్‌షిప్ అసలే ఇవ్వవు. డివిజన్ 2లో పరిమితి 7.2. అంటే 20 మందికి తలా 36 శాతం. డివిజన్ 3లో ఆటకు ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు.

అంకెలు అలా వరసగా చూస్తే పైదే లాభం అనిపిస్తుంది. బిల్లు మీద పెట్టి చూడాలి. ఏడాదికి 70 వేల డాలర్లు అయ్యే ప్రైవేటు డివిజన్ 1 యూనివర్సిటీలో సగం స్కాలర్‌షిప్ వస్తే ఇంట్లోంచి కట్టేది 35 వేలు. 26 వేలు అయ్యే ప్రభుత్వ డివిజన్ 2 కాలేజీలో 36 శాతం వస్తే కట్టేది 16,600 డాలర్లు. మార్కులకు ఇంకో 4 వేలు వస్తే 12,600. చిన్న ముక్కే ఇంటికి ఎక్కువ మిగిల్చింది.

డివిజన్ 3 విషయంలో రెండు ముఖాలున్నాయి, రెండూ చెప్పాలి. ఎన్‌సీఏఏ లెక్క ప్రకారం అక్కడి క్రీడాకారుల్లో సుమారు 80 శాతం మందికి మార్కుల మీదో, కుటుంబ అవసరం మీదో ఏదో ఒక సాయం అందుతోంది. ఆ సాయానికీ ఆటకూ ముడి లేదు. మోకాలి లిగమెంట్ తెగి ఆట ఆగిపోయినా, కోచ్‌తో పొసగక మానేసినా ఫీజు రాయితీ అలాగే ఉంటుంది. ఈ ఒక్క విషయం కోసమే డివిజన్ 3 ఎంచుకున్న కుటుంబాలున్నాయి. ఏడాదికోసారి రెన్యువల్ చేసే ఆట స్కాలర్‌షిప్ మీద కూతురి చదువంతా ఆధారపెట్టడం వాళ్లకు భయం.

రెండో ముఖం: ఆమ్‌హర్స్ట్, విలియమ్స్, టఫ్ట్స్ లాంటివి కుటుంబ ఆదాయం చూసి అవసరమున్నంతా ఇస్తాయి, మార్కులకు విడిగా స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఇంట్లో రెండు సాఫ్ట్‌వేర్ జీతాలుంటే అక్కడ దాదాపు పూర్తి ఫీజు కట్టాల్సి రావచ్చు, అది ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతుంది. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో ఉండి, వారాంతాల్లో కూతుర్ని ట్రావెల్ టీమ్ టోర్నమెంట్లకు తిప్పే తెలుగు తల్లిదండ్రులు ఇది ముందే తెలుసుకోవాలి. ట్రావెల్ టీమ్‌కే ఏటా వేల డాలర్లవుతాయి. ఆ ఖర్చు స్కాలర్‌షిప్ రూపంలో తిరిగొస్తుందన్న ఆశతో పెడుతుంటే పైన చెప్పిన 12, 7.2, సున్నా అన్న అంకెలు గుర్తుంచుకోవడం మేలు. అయితే డివిజన్ 3లో కోచ్ డబ్బు ఇవ్వలేకపోయినా అడ్మిషన్ ఆఫీసులో అమ్మాయి తరఫున మాట చెప్పగలరు. 12వ తరగతికి ముందు జులైలో మార్కుల జాబితా ముందుగానే చూపించి, సీటు అవకాశం ఎంతో తెలుసుకునే పద్ధతి ఉంది. ప్రీ-రీడ్ అంటారు. వేలమంది పోటీపడే కాలేజీలో ఈ మాటసాయం స్కాలర్‌షిప్ కంటే విలువైనదని భావించే ఇళ్లు మనవాళ్లలో ఎన్నో.

చిన్న కాలేజీలకు నిజమైన ప్రమాదాలూ ఉన్నాయి. జట్టులో 14 మందే ఉంటే ఇద్దరికి గాయాలైనా కుదేలవుతుంది. ఫిజియోలు తక్కువ, ఇండోర్ ప్రాక్టీసు హాలు లేకపోవచ్చు. అంతకంటే పెద్ద భయం కాలేజీయే మూతపడటం. అలబామాలోని డివిజన్ 3 కాలేజీ బర్మింగ్‌హామ్-సదరన్ 2024 మే 31న మూతపడింది. సరిగ్గా అప్పుడే దాని బేస్‌బాల్ జట్టు జాతీయ పోటీల్లో ఆడుతోంది. ఆ కుర్రాళ్లు తిరిగి వెళ్లడానికి కాలేజీ మిగల్లేదు. కాలేజీ ఆర్థిక స్థితి, గత అయిదేళ్లలో విద్యార్థుల సంఖ్య పెరిగిందా తరిగిందా అన్నది చూడకుండా సంతకం పెట్టకూడదు.

డిగ్రీ తర్వాత సాఫ్ట్‌బాల్‌తో బతకగలమా అన్నది మరో ప్రశ్న. అథ్లెట్స్ అన్‌లిమిటెడ్ ప్రొఫెషనల్ లీగ్ 2025 జూన్‌లో 4 జట్లతో మొదలైంది. ఒలింపిక్స్‌లో 2008 తర్వాత ఆట పోయి, టోక్యోలో ఒకసారి వచ్చి, పారిస్‌లో లేక, 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో మళ్లీ వస్తోంది. ఏటా వేలమంది ఆడి బయటికొస్తుంటే జీతానికి ఆడే చోట్లు కొన్ని పదులే. ఆ కొద్ది చోట్లకు గురిపెట్టిన అమ్మాయికి డివిజన్ 1 బలమైన జట్టే దారి, అందులో సందేహం లేదు. రోజూ 70 మైళ్ల బంతులు ఎదుర్కొంటేనే ఆమె నేర్చుకునేది. మిగతావాళ్లకు 22 ఏళ్లకు చేతిలో ఉండేది డిగ్రీ, ఆడిన మ్యాచ్‌లు.

ఎన్‌సీఏఏ మీద వేసిన 'హౌస్' కేసులో 2025 జూన్ 6న కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందంతో డివిజన్ 1లో లెక్కలు మళ్లీ మారాయి. అందులో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్ పరిమితి పోయింది, బదులుగా సాఫ్ట్‌బాల్ జట్టులో 25 మందికి మించకూడదన్న పరిమితి వచ్చింది. ధనిక యూనివర్సిటీ 25 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వగలదు. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరి కష్టపడి చోటు సంపాదించుకునే వాక్-ఆన్‌లకు తలుపు సన్నబడింది. ఆ అమ్మాయిలు డివిజన్ 2, డివిజన్ 3 వైపు వస్తున్నకొద్దీ అక్కడ ఆట స్థాయి పెరుగుతుంది, చోటు కోసం పోటీ కూడా పెరుగుతుంది. అయిదేళ్ల కిందటి అనుభవంతో "డివిజన్ 3లో ఎలాగైనా ఆడొచ్చు" అని చెప్పే సలహాలు ఇకమీదట పనికిరావు.

అందుకే డివిజన్ పేరు పక్కనపెట్టి ఒక్కో కాలేజీని విడిగా పరిశీలించాలి. మన దగ్గర ఏ సమాచారమూ దొరకదన్న సాకు ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ప్రతి కాలేజీ అథ్లెటిక్స్ సైట్‌లోనూ జట్టు గణాంకాలు అందరికీ కనిపించేలా ఉంటాయి. గత మూడు సీజన్లు తెరిచి, మొదటి ఏడాది అమ్మాయిల పేర్లు కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్కరు ఎన్ని మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడారో, ఎన్నిసార్లు బ్యాట్ పట్టారో, పిచర్ అయితే ఎన్ని ఇన్నింగ్స్ వేశారో పక్కన వేయండి. మరుసటి ఏడాది జాబితాలో వాళ్ల పేర్లున్నాయో లేవో చూడండి. అమ్మాయి ఆడే స్థానంలో ఇప్పుడున్నవాళ్లు ఎంతమంది, వాళ్లకు ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉందో లెక్కపెట్టండి. తర్వాత కాలేజీ సైట్‌లోనే ఉండే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో ఇంటి ఆదాయం వేసి, ఏడాదికి కట్టాల్సిందెంతో చూడండి. కోచ్‌కు ఫోన్ చేసేది ఆ కాగితం చేతిలో పెట్టుకుని, అమ్మాయినే మాట్లాడనిస్తూ.